ఎవరో రాసిన కోడ్‌లో మార్పు చేయడం ఎలా: టికెట్ అందిన దగ్గర్నుంచి అప్రైజల్ దాకా

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు అప్పగించిన సర్వీసులో ఒక వింత లైన్ ఉండేది. ఇన్‌వాయిస్ రికార్డును డేటాబేస్‌లో రాయగానే రెండు సెకన్లు ఊరికే ఆగే లైన్. పైన కామెంట్ లేదు. గిట్ బ్లేమ్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో, ఏ లైన్‌ను చివరిగా ఎవరు ముట్టుకున్నారో చెప్పే కమాండ్) చూస్తే, రాసినాయన ఎప్పుడో కంపెనీ మారిపోయాడు. కమిట్ (గిట్‌లో దాచిన ఒక్కో మార్పు) మెసేజ్ ఒక్కటే మాట: 'ఫిక్స్'. ప్రతి రిక్వెస్టుకీ రెండు సెకన్లు దండగ కదా అని తీసేశాను. టెస్టులన్నీ పాసయ్యాయి. రివ్యూలో మెచ్చుకున్నారు కూడా. ఆ రాత్రి కస్టమర్లకు ఒక్కో ఆర్డరుకు రెండేసి ఇన్‌వాయిస్‌లు వెళ్లాయి.

సంగతేమిటో తెల్లవారుజామున తేలింది. రికార్డు రాయడం ప్రైమరీ (అసలు) డేటాబేస్‌లో, తర్వాతి అడుగులో దాన్ని చదవడం రెప్లికాలో, అంటే దాని నకలులో. ప్రైమరీలో పడ్డది రెప్లికాకు చేరడానికి కాస్త సమయం పడుతుంది. ఈలోపే చదివితే 'ఇన్‌వాయిస్ లేదు' అని వస్తుంది, కోడ్ ఇంకోటి తయారుచేసి పంపేస్తుంది. ఆ రెండు సెకన్లు ఈ ఆలస్యాన్ని కప్పిపుచ్చుతూ వచ్చాయి. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఒక్కటే డేటాబేస్, కాబట్టి టెస్టులకు ఆ విషయం తెలిసే దారే లేదు.

తప్పు నాదే, అడక్కుండా తీసేశాను. కానీ ఆ 'ఫిక్స్' పక్కన ఇంకో వాక్యం ఉండుంటే ఆ రాత్రి హాయిగా నిద్రపోయేదాన్ని. అప్పట్నుంచి నా పని పద్ధతి మొత్తం ఒకే విషయం చుట్టూ తిరుగుతోంది: ఏ అడుగు వేసినా, ఎందుకు వేశానో తర్వాత వచ్చేవాళ్లకు తెలిసేలా ఆనవాలు వదలడం. ఇప్పటికే ఉద్యోగంలో ఉండి, ఎక్కువభాగం పాత కోడ్‌తోనే కుస్తీ పడుతున్నవాళ్ల కోసం ఆ పద్ధతిని వరసగా రాస్తున్నాను.

1. టికెట్‌ను మీ మాటల్లో తిరిగి రాయండి

'రిపోర్టు తప్పుగా వస్తోంది' అని టికెట్ (చేయాల్సిన పని చెప్పే చీటీ) వస్తుంది. ఏ రిపోర్టు, ఎవరికి, ఎప్పట్నుంచి, ఏం రావాల్సింది, ఏం వచ్చింది? కోడ్ తెరవకముందే ఈ ఐదింటికీ జవాబులు టికెట్‌లోనే మూడు లైన్లలో రాసి, అడిగినవాళ్లకు చూపించండి. చాలాసార్లు 'అబ్బే, అది కాదండీ' అనే జవాబొస్తుంది. అది మీకు రెండు రోజులు మిగిల్చినట్టే.

కొత్త ఫీచర్ అయితే 'ఇది వచ్చాక మీరు దీంతో ఏం చేస్తారు?' అని ఒక్క ప్రశ్న అడగండి. ఫిల్టర్లతో పెద్ద స్క్రీన్ కావాలన్న మేనేజర్‌ను ఇలా అడిగితే, ఆయనకు నిజంగా కావలసింది నెలకోసారి మెయిల్‌కు వచ్చే ఒక ఎక్సెల్ ఫైలని తేలింది. మూడు వారాల పని ఒక్క పూటలో అయిపోయింది.

2. బగ్‌ను మీ కళ్లముందుకు రప్పించండి

బగ్ మీ దగ్గర రానంతవరకూ మీరు చేసేది మరమ్మతు కాదు, ఊహ. అందుకే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి.

ముందు ఎర్రర్ మెసేజ్ పూర్తిగా చదవండి. నవ్వకండి, మనలో చాలామంది మొదటి లైన్ చూసి గూగుల్‌కు పరిగెడతాం. స్టాక్ ట్రేస్‌లో (ఎర్రర్ ఏ ఫంక్షన్ల మీదుగా వచ్చిందో చూపే జాబితాలో) అసలు కారణం తరచూ కింద ఎక్కడో 'కాజ్డ్ బై' దగ్గర ఉంటుంది.

తర్వాత, బగ్ వచ్చిన చోటికీ మీ మెషీన్‌కూ తేడాలేమిటో కాగితం మీద రాయండి. డేటా సైజు, టైమ్ జోన్, లైబ్రరీ వెర్షన్, కాన్ఫిగరేషన్, ఒకేసారి ఎంతమంది వాడుతున్నారు. 'నా దగ్గర పనిచేస్తోందే' అనే బగ్‌ల మూలం చాలామటుకు ఈ జాబితాలోనే దొరుకుతుంది. ఒకటో తారీఖు ఆర్డర్లు కొన్ని కిందటి నెల లెక్కలో పడుతున్నాయంటే, ముందు సర్వర్ యూటీసీలో (మన సమయం కన్నా వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడుస్తోందేమో చూడండి. మొత్తంలో పైసా తేడా వస్తోందంటే, డబ్బును ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యలను బైనరీలో దాచే టైప్‌లో) దాచారేమో చూడండి. పదో వంతును బైనరీలో కచ్చితంగా రాయలేం కాబట్టి, 0.1కి 0.2 కలిపితే చాలా భాషల్లో 0.30000000000000004 వస్తుంది. డబ్బుకు డెసిమల్ టైప్ వాడాలి, లేదా పైసల్లో పూర్ణాంకంగా దాచాలి.

బగ్ దొరికాక ఇన్‌పుట్‌ను తగ్గించుకుంటూ రండి. పదివేల వరుసల ఫైల్‌తో వస్తే సగం తీసేసి చూడండి. ఇంకా వస్తోందా? మళ్లీ సగం. ఒకసారి ఇలా తగ్గిస్తూ పోతే చివరికి ఒక్క పేరు మిగిలింది, అందులో 'క్షి' ఉంది. స్క్రీన్ మీద పట్టడానికి పేరును పది అక్షరాల దగ్గర కత్తిరించే కోడ్ అది. మన కంటికి 'క్షి' ఒక్క అక్షరమే. కంప్యూటర్‌కు అది నాలుగు కోడ్ పాయింట్లు (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకిచ్చిన అంకెలు): క, పొల్లు, ష, గుడి. వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి మూడు బైట్లు, అంటే మొత్తం పన్నెండు. పైథాన్‌లో దాని పొడవు అడిగితే 4 అంటుంది. మధ్యలో కత్తెర పడితే 'క్' మాత్రం మిగులుతుంది. టెస్టు డేటా అంతా ఇంగ్లీషు పేర్లే కావడంతో అన్నాళ్లూ బయటపడలేదు. ఇలాంటి దెబ్బ పెద్దవాళ్లకూ తగిలింది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' రాసే ఒక రకం కూర్పు మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలాయి, ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. టెస్టు డేటాలో మన భాష పేర్లు నాలుగు పెట్టడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

వెతికేటప్పుడు పక్కన ఒక నోట్ తెరిచి ఉంచండి. అందులో ప్రతిసారీ మూడే ముక్కలు: నా అనుమానం, చేసి చూసింది, వచ్చింది. ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు గంటలయ్యాక ఇదివరకే చూసినదాన్ని మళ్లీ చూడడం తప్పుతుంది. ఎవరినైనా సాయం అడగాల్సి వస్తే ఆ నోట్ పంపితే చాలు. 'పనిచేయట్లేదు, చూస్తారా?' అని అడిగేవాళ్లకూ, 'ఇవి మూడూ చూశాను, ఇక్కడ ఆగిపోయాను' అని అడిగేవాళ్లకూ సీనియర్లు ఒకే రకంగా స్పందించరు.

3. ఎప్పుడు చెడిందో పట్టండి

'మొన్నటిదాకా బాగానే ఉందండీ' అన్నారంటే పండగే. కోడ్ చదవక్కర్లేదు, చరిత్ర చదివితే చాలు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన గిట్‌ను రోజూ వాడుతున్నా, అందులో బైసెక్ట్ అనే ఆయుధం ఉందని ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లలో కూడా కొందరికి తెలియదు.

'గిట్ బైసెక్ట్ స్టార్ట్' అని మొదలుపెట్టండి. ఇప్పటి కమిట్‌కు 'గిట్ బైసెక్ట్ బ్యాడ్' అనండి. బాగా పనిచేసిన పాత కమిట్ లేదా ట్యాగ్ పేరిచ్చి 'గిట్ బైసెక్ట్ గుడ్' అనండి. గిట్ సరిగ్గా మధ్య కమిట్‌కు తీసుకెళ్తుంది. మీరు పరీక్షించి, బాగుంటే గుడ్ అని, లేకుంటే బ్యాడ్ అని చెబుతూ పోవాలి. ప్రతి జవాబుకూ వెతకాల్సింది సగమైపోతుంది, కాబట్టి వెయ్యి కమిట్లున్నా దాదాపు పది ప్రయత్నాల్లో దోషి దొరుకుతుంది. బగ్‌ను పట్టే చిన్న స్క్రిప్టు మీ దగ్గర ఉంటే 'గిట్ బైసెక్ట్ రన్' తర్వాత దాని పేరిచ్చి వదిలేయండి, అదే చూసుకుంటుంది. స్క్రిప్టు 0 ఇస్తే బాగున్నట్టు, 1 ఇస్తే చెడినట్టు, 125 ఇస్తే 'ఈ కమిట్ వదిలెయ్' అని. అయ్యాక 'గిట్ బైసెక్ట్ రీసెట్' మరవకండి, లేకపోతే ఏదో పాత కమిట్ మీద కూర్చుని అయోమయంలో పడతారు.

ఒక షరతు. కమిట్లు చిన్నవై, ప్రతిదీ బిల్డ్ అయితేనే దీంతో ఉపయోగం. నాలుగు రోజుల పని ఒకే కమిట్‌లో కుక్కితే బైసెక్ట్ ఆ మూడు వేల లైన్ల ముందు నిలబెట్టి దండం పెడుతుంది.

4. ఆ లైన్ ఎందుకుందో కనుక్కున్నాకే ముట్టుకోండి

నా రెండు సెకన్ల పాఠం ఇదే. గిట్ బ్లేమ్ చివరిగా ముట్టుకున్నవాళ్లను మాత్రమే చూపిస్తుంది, వాళ్లు బహుశా స్పేస్‌లు సరిచేసి ఉంటారు. ఒక మాట కోడ్‌లోకి మొదట ఎప్పుడొచ్చిందో కావాలంటే, గిట్ లాగ్‌కు హైఫన్ పెద్ద ఎస్ పెట్టి ఆ మాట ఇవ్వండి. అక్కణ్నుంచి పుల్ రిక్వెస్టుకు (మార్పును కలపమని పెట్టిన విన్నపానికి), అక్కణ్నుంచి టికెట్‌కు వెళ్లండి. అప్పటికీ తెలియకపోతే టీమ్‌లో పాతవాళ్లను అడగండి. 'ఇది తీసేస్తే ఏమవుతుందంటారు?' అనే ప్రశ్నకు వాళ్ల మొహం మారిందంటే అక్కడ ఏదో ఉంది.

ఇంకో వైపు నుంచీ చూడాలి. ఒకప్పుడు సరిగ్గా పనిచేసిన కోడ్ కొత్త చోట కూడా పనిచేస్తుందన్న భరోసా లేదు. 1996 జూన్ 4న ఆరియాన్ 5 రాకెట్ తొలి ప్రయోగంలోనే, బయల్దేరిన దాదాపు 40 సెకన్లకు పేలిపోయింది. దిశ చూపే సాఫ్ట్‌వేర్‌ను ఆరియాన్ 4 నుంచి తెచ్చి వాడారు. కొత్త రాకెట్ అడ్డంగా పోయే వేగం చాలా ఎక్కువ. దానికి సంబంధించిన 64 బిట్ల ఫ్లోట్ విలువను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోతే పట్టలేదు. ఇంకా బాధేమిటంటే, ఆ లెక్క ఆరియాన్ 5 నేల వదిలాక అవసరమే లేదు.

టెస్టులు లేని కోడ్ అయితే, మార్చే ముందు అది ఇప్పుడేం చేస్తోందో పట్టి ఉంచే టెస్టులు రాయండి. 'ఏం చేయాలి' అన్నది తర్వాత. పది రకాల ఇన్‌పుట్ ఇచ్చి, వచ్చిన అవుట్‌పుట్‌నే సరైన జవాబుగా పెట్టుకోండి, అది తప్పని మీకు అనిపించినా సరే. ఆ తప్పు మీద ఆధారపడి ఇంకెవరో రిపోర్టు కట్టి ఉండొచ్చు.

5. మార్పు, దాని వెంట నాలుగు వాక్యాలు

కోడ్‌ను సర్దడం, కోడ్ ప్రవర్తన మార్చడం ఒకే కమిట్‌లో కలపకండి. రివ్యూ చేసేవాళ్లకు పేరు మార్చిన 200 లైన్ల మధ్య మీరు మార్చిన ఒక్క 'ఇఫ్' కనిపించదు.

కమిట్ మెసేజ్‌లో ఏం మార్చారో అంతగా అక్కర్లేదు, డిఫ్ (పాత, కొత్త కోడ్‌ల తేడా) చెబుతుంది. ఎందుకు మార్చారో డిఫ్ చెప్పలేదు. ఆ ఇన్‌వాయిస్ బగ్‌కు నేను చివరికి రాసిన మెసేజ్ దాదాపు ఇలా ఉంది:

'ఇన్‌వాయిస్ ఉందో లేదో ప్రైమరీలోనే చూడాలి. రెప్లికాకు రికార్డు చేరేలోపు చదివితే లేదని వచ్చి, కస్టమర్‌కు రెండు వెళ్తున్నాయి. ఇదివరకటి రెండు సెకన్ల విరామం దీన్ని దాచింది, రెప్లికా అంతకంటే వెనకబడితే అదీ ఆపలేదు. ఆర్డర్ నంబర్ మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్ కూడా పెట్టాను, కాబట్టి కోడ్ పొరబడినా డేటాబేస్ ఒప్పుకోదు.'

రాయడానికి మూడు నిమిషాలు పట్టింది.

ఏఐ టూల్ రాసిచ్చిన కోడ్‌కూ ఇదే కొలత. ఎందుకిలా ఉందో మెసేజ్‌లో మీ మాటల్లో రాయలేకపోతే, అది ఇంకా మీ కోడ్ కాదు, మెర్జ్ చేయకండి (అసలు కోడ్‌లో కలపకండి). టెస్టులు కూడా దానిచేతే రాయిస్తే మరీ జాగ్రత్త. కోడ్‌లో ఉన్న అపోహే టెస్టులోనూ ఉంటుంది, రెండూ కలిసి పచ్చగా మెరుస్తాయి.

6. రివ్యూ

చిన్న పుల్ రిక్వెస్టు పెట్టండి. వివరణలో ఎక్కణ్నుంచి చదవడం మొదలుపెట్టాలో, మీకే ఎక్కడ అనుమానంగా ఉందో చెప్పండి. పెట్టకముందు మీ డిఫ్‌ను మీరే ఒకసారి పరాయివాళ్లలా చదవండి. మరిచిపోయిన ప్రింట్ స్టేట్‌మెంట్లు అక్కడే దొరుకుతాయి.

మీరు రివ్యూ చేసేటప్పుడు 'ఇది తప్పు' అని రాయకండి, 'ఇక్కడ లిస్టు ఖాళీగా వస్తే ఏమవుతుందండీ?' అని అడగండి. మర్యాద కోసమే అనుకోకండి. సగంసార్లు అవతలివాళ్ల దగ్గర మీకు తెలియని జవాబుంటుంది. మార్చి తీరాల్సిందేదో, మీ ఇష్టం కొద్దీ చెప్పిందేదో వేరుగా రాయండి. కొత్తగా చేరినవాళ్లు రెండింటికీ సమానంగా టెన్షన్ పడతారు.

7. ఇల్లలకగానే పండగ కాదు: విడుదల

మెర్జ్ అయ్యాక అసలు కథ మొదలవుతుంది. విడుదలకు ముందు మూడు విషయాలు టికెట్‌లో రాసి ఉండాలి. విడుదలయ్యాక ఏ గ్రాఫ్, ఏ లాగ్ చూడాలి? ఏం కనిపిస్తే వెనక్కి తీసుకోవాలి? వెనక్కి తీసుకోవడానికి కొట్టాల్సిన కమాండ్ ఏది? మూడోది రాసేటప్పుడే కొన్నిసార్లు తెలుస్తుంది, వెనక్కి వెళ్లే దారే లేదని.

డేటాబేస్ కాలమ్ పేరు మార్చడం అలాంటిదే. కొత్త కోడ్ ఎక్కుతున్న కాసేపు పాత కోడ్ కూడా నడుస్తూనే ఉంటుంది, దానికి పాత పేరే తెలుసు. అందుకే అంచెలుగా వెళ్లాలి. ముందు కొత్త కాలమ్ చేర్చండి. రెండింటిలోనూ రాసేలా కోడ్ విడుదల చేయండి. పాత డేటాను కొద్దికొద్దిగా కొత్తదానిలోకి నింపండి. చదవడం కొత్తదానికి మార్చండి. కొన్నాళ్లు గడిచి, పాతదాన్ని ఎవరూ వాడట్లేదని రూఢి అయ్యాక తీసేయండి. విసుగు పుట్టించే పనే, కానీ ఏ అంచెలో ఆగినా సిస్టమ్ నడుస్తూనే ఉంటుంది.

ఫీచర్ ఫ్లాగ్ (ఫీచర్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్) పెట్టినరోజే దాన్ని తీసేయడానికి ఇంకో టికెట్ తెరవండి. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికన్ ట్రేడింగ్ సంస్థకు జరిగింది ప్రతి డెవలపర్ తెలుసుకోవాలి. ఏళ్ల కింద వాడటం మానేసిన కోడ్ ఇంకా సిస్టమ్‌లోనే ఉంది, దాన్ని నడిపించే పాత ఫ్లాగ్‌నే కొత్త ఫీచర్‌కు మళ్లీ వాడారు. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ ఎక్కించడం మరిచిపోయారు. మార్కెట్ తెరవగానే ఆ ఒక్క సర్వర్‌లో పాత కోడ్ లేచి ఆపకుండా ఆర్డర్లు పెట్టింది. సుమారు 45 నిమిషాల్లో నష్టం 44 కోట్ల డాలర్లు దాటింది.

8. ప్రొడక్షన్ పడిపోయినప్పుడు

ముందు మంట ఆర్పండి, ఎవరు అంటించారో తర్వాత. కారణం తెలియకపోయినా, చివరి విడుదలను వెనక్కి తీసుకుంటే తగ్గుతుందేమో చూడండి. ఒకరు సరిచేస్తూ ఉంటే, ఇంకొకరు పైవాళ్లకు పావుగంటకోసారి సంగతి చెప్పాలి. రెండూ ఒకరే చేయబోతే రెండూ చెడతాయి. ఏం చేసినా టైమ్ వేసి చాట్‌లో ఒక లైన్ రాయండి: '2:10, పేమెంట్ సర్వీస్ రీస్టార్ట్ చేశాను.' మర్నాడు రిపోర్టు రాసేటప్పుడు ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడక్కర్లేదు.

ఆ రిపోర్టులో మనిషి పేరు రాయకండి. 'ఫలానా ఆయన తప్పు కమాండ్ కొట్టాడు' అని రాస్తే అక్కడితో ఆలోచన ఆగిపోతుంది. 'ఆ కమాండ్ ప్రొడక్షన్‌లో అడక్కుండా ఎందుకు నడిచింది?' అని రాస్తే సరిచేయాల్సింది దొరుకుతుంది. నా ఇన్‌వాయిస్ రాత్రి తర్వాత మా లీడ్ ఇలాగే చేశారు. టెస్టుల్లో కూడా రెప్లికా ఆలస్యాన్ని కల్పించే ఏర్పాటు ఆ రిపోర్టు నుంచే వచ్చింది.

9. 'ఎప్పటికవుతుంది?'

మీటింగ్‌లో ఈ ప్రశ్న రాగానే నోట్లోంచి వచ్చే అంకె చెప్పకండి. 'సాయంత్రంలోగా చూసి చెబుతానండీ' అనడం నేర్చుకోండి. తర్వాత చెప్పేటప్పుడు ఒక్క తేదీ ఇవ్వకుండా, తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత, ఆ తేడా దేనివల్లో చెప్పండి: 'నాలుగు రోజుల నుంచి ఎనిమిది రోజులు. అవతలి టీమ్ ఏపీఐ డాక్యుమెంట్‌లో ఉన్నట్టే ఉంటే నాలుగు.' కోడ్ రాయడమే కాక టెస్టులు, రివ్యూ కోసం వేచి ఉండటం, విడుదల కూడా లెక్కలో ఉండాలి. మనం ఎప్పుడూ మరిచిపోయేది ఆ వేచి ఉండటాన్నే.

ఆలస్యమవుతుందని తెలిసిన రోజే చెప్పేయండి. సగం దారిలో చెబితే పని తగ్గించుకునే వీలుంటుంది. చివరిరోజు చెబితే మీ మాట మీద నమ్మకం పోతుంది, అది తిరిగి రావడానికి ఏడాది పడుతుంది.

10. శుక్రవారం పది నిమిషాలు

అప్రైజల్ ఫామ్ తెరిచి, ఏడాదంతా ఏం చేశానా అని తల పట్టుకోని డెవలపర్ ఉండరు. గుర్తొచ్చేది చివరి రెండు నెలలే, మేనేజర్‌కూ అంతే. దీనికి మందు ఒక్కటే: ప్రతి శుక్రవారం వెళ్లేముందు ఒక ఫైల్‌లో మూడు లైన్లు. 'లాగిన్ బగ్ సరిచేశాను' అని రాస్తే ఆరు నెలల తర్వాత మీకే అర్థం కాదు. ఇలా రాయండి: 'పాస్‌వర్డ్ మార్చాక లాగిన్ అవ్వని సమస్య. సెషన్ క్యాష్ పాతది పట్టుకుని ఉంది. సపోర్టుకు రోజూ వచ్చే ఫిర్యాదులు ఆగిపోయాయి. టికెట్ లింకు ఇది.' సమస్య, కారణం, ఎవరికి మేలు, రుజువు.

ఎవరికీ కనిపించని పనులు తప్పక రాయండి. కొత్తగా చేరినవాళ్లకు నేర్పించడం, రివ్యూలో ఆపిన ప్రమాదం, ఇంటర్వ్యూలు తీసుకోవడం. కోడ్‌లో ఆనవాలు లేని పని ఇదే, మీరు రాయకపోతే జరగనట్టే. వేరే కంపెనీ ఇంటర్వ్యూలో 'కష్టమైన బగ్ గురించి చెప్పండి' అని అడిగితే ఈ ఫైలే మీ జవాబు. అందులో కంపెనీ కోడ్, కస్టమర్ల వివరాలు మాత్రం పెట్టకండి.

ఏదో ఒకరోజు మీరూ ఆ కంపెనీ వదిలి వెళ్తారు. నోటీస్ పీరియడ్‌లో హ్యాండోవర్ డాక్యుమెంట్ అడుగుతారు, అందరూ ఆర్కిటెక్చర్ బొమ్మ గీసి ఇచ్చేస్తారు. బొమ్మ ఇవ్వండి, దాని కింద ఇంకో జాబితా పెట్టండి: చూడగానే ఎవరికైనా తీసేయాలనిపించే లైన్లు, అవి ఏ ఫైల్‌లో ఉన్నాయి, తీసేస్తే ఏమవుతుంది. నేను కిందటిసారి వదిలి వచ్చినప్పుడు ఆ జాబితాలో పదకొండు లైన్లు తేలాయి. వాటిలో నాలుగు నేనే రాసినవి, అందులోనూ ఒకదాని కమిట్ మెసేజ్ 'చిన్న ఫిక్స్'.